గంటలు లేని మంద

ఉహార్తె గషూష తన భర్తను రెండుసార్లు పోగొట్టుకుంది. మొదటిసారి ఊరంతా వచ్చి ఏడ్చింది. రెండోసారి ఎవరికీ తెలియలేదు.

ఉహార్తె ఆమె ఇంటి పేరు. మా కొండల్లో మనుషుల్ని ఇంటి పేరుతోనే పిలుస్తాం. మా ఇల్లు ఇరిగోయెన్. వాగుకు అవతల వాళ్ళు, ఇవతల మేము. ఆ ఇంటికి మేమే తొలి పొరుగు. తొలి పొరుగు అంటే చుట్టం కన్నా ఎక్కువ. ఆ ఇంట్లో ఎవరైనా కన్నుమూస్తే ఫాదరుకు కబురు చెప్పేది, శిలువ పట్టుకుని ముందు నడిచేది, తేనెటీగలకు చెప్పేది, మంద మెడల్లోని గంటలు విప్పేది మేమే. ఇంటివాళ్ళు ఆ పనులకు చెయ్యి వేయకూడదు. ఏడవడం ఒక్కటే వాళ్ళ పని. గషూష వయసులో ఉన్నప్పుడు ఆ తొలి పొరుగు మా తాత అర్నౌట్. ఆయన తర్వాత ఆ వంతు నాకు వచ్చింది.

ఈ సంగతి ఆమె నాతో చెప్పేనాటికి ఆమెకు డెబ్బై దాటాయి. నాకు అప్పుడే మొదటి పిల్ల పుట్టింది. పట్నం బడిలో రసాయనశాస్త్రం చెప్పే ఉద్యోగానికి సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. ఆ చలికాలం పిల్లకు దగ్గు పట్టుకుంది. మా ఇంటికన్నా ఉహార్తె వంటిల్లు వెచ్చన, అందుకని పిల్లను తీసుకుని అక్కడికి పోయేదాన్ని. పిల్ల ఏడిస్తే భయం, నిద్రపోతే అంతకన్నా భయం. మాటిమాటికీ దాని ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి చూసేదాన్ని. గషూష అవ్వ పొయ్యి దగ్గర కూర్చుని చిక్కుళ్ళు వలుస్తూ నన్నే గమనిస్తూ ఉండేది.

"ఊపిరి తీస్తూనే ఉందిలేవే," అంది ఒకరోజు. "నువ్వు వేలు పెట్టి దాని ఊపిరి ఆపేసేలా ఉన్నావు."

"నీకేం తెలుసు అవ్వా, నువ్వు పిల్లల్ని కనలేదుగా."

నోరు జారాను. ఆమె ఏమీ అనుకోలేదు. చిక్కుడు గింజ ఒకటి కింద పడితే వంగి తీసుకుంది.

"కనలేదు. కానీ ఒక పిల్ల ముక్కు కింద నేనూ వేలు పెట్టుకుని నడిచాను. ఆ కనుమ దాకా."

ఆ రోజు మొదలుపెట్టి, ఆ చలికాలమంతా కొంచెం కొంచెంగా చెప్పింది.

ఉహార్తె ఇంటికి ఆమే వారసురాలు. ఆమె భర్త బెట్టిరి పక్క ఊరి నుంచి వచ్చిన ఇల్లరికపు అల్లుడు. గొర్రెల సంగతి ఆమెకు తెలిసినంత అతనికి తెలియదు గానీ, గంటల సంగతిలో అతనికి సాటి ఎవరూ లేరట. సంతలో కంచరి దుకాణం ముందు సగం పూట కూర్చుని, ఒక్కో గంటనూ చెవి దగ్గర ఊపి, నచ్చనిది పక్కన పెట్టేవాడు. కంచరివాడు విసిగిపోయేవాడు. "పెళ్ళికూతుర్ని కూడా ఇలాగే ఊపి చూశావా బెట్టిరీ?" అని అడిగితే, "చూశాను, అది కాస్త బొంగురు, అయినా తెచ్చుకున్నాను," అనేవాడట. ఇంటికి తెచ్చాక లోపలి నాలుకను ఆకురాయితో అరగదీసి, ముందు నడిచే గొర్రెకు పెద్ద గంట, దాని వెనకవాటికి దానితో జత కుదిరే గంటలు కట్టేవాడు. పొగమంచులో ఏమీ కనబడకపోయినా, ఉహార్తె మంద దిగుతోందని లోయలో అందరికీ తెలిసేది.

యుద్ధం రాగానే అతన్ని సైన్యంలోకి పిలిచారు. మరుసటి వేసవికి జర్మనీ చేతిలో మా దేశం ఓడిపోయింది, అతను ఖైదీ అయ్యాడు. జర్మనీలో ఏదో పొలంలో పనికి పెట్టారు. మొదట్లో అచ్చు వేసిన కార్డులు వచ్చేవి. 'క్షేమం' అన్న మాట కింద గీత గీసి ఉండేది, అంతే. రెండో చలికాలం తర్వాత అవి కూడా రాలేదు.

ఆ రోజుల్లోనే కొండమీదికి ఆకుపచ్చ కోట్లవాళ్ళు, జర్మన్ కాపలావాళ్ళు వచ్చారు. కనుమ కింద ఉన్న పాత సుంకం గుడిసెలో కాపురం పెట్టారు. కనుమ దాటితే స్పెయిన్. పాసు ఉన్న గొర్రెల కాపరులకు తప్ప మరెవరికీ ఆ పైకి పోవడానికి వీల్లేదు.

మొదట వచ్చినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే తప్పిపోయి వచ్చారు. గొర్రెల కింద పరవడానికి కోసి పెట్టిన ఫెర్న్ ఆకు కుప్పలో ఒక ముసలి జంట పడుకుని ఉంది. పట్నం జోళ్ళు, అవీ చినిగిపోయాయి. వాళ్ళు యూదులు. వాళ్ళను పట్టుకుని రైళ్ళలో ఎక్కడికో పంపేస్తున్నారని, వెళ్ళినవాళ్ళ నుంచి ఉత్తరం ముక్క కూడా రాదని అప్పటికే లోయ దాకా వినబడుతోంది. గషూష ఆ ఇద్దరినీ మంద వెనకాల నడిపించి కనుమ దగ్గరి సరిహద్దు గట్టు దాటించింది. తర్వాత పట్నంలో తాడు జోళ్ళు కుట్టే చోట పనిచేసే ఒకావిడ ఇంకొందరిని పంపింది, ఆపైన ఇంకొందరిని.

"ఎంతమందిని దాటించావు అవ్వా?"

"గొర్రెల్ని లెక్కపెడతామే గానీ మనుషుల్ని లెక్కపెడతామా? అరిష్టం."

ఆకుపచ్చ కోట్లవాళ్ళలో ఒక ముసలివాడు ఉండేవాడు. ఆస్ట్రియా కొండల నుంచి వచ్చినవాడు, ఇంటి దగ్గర అతనికీ పశువులు ఉండేవట. మిగతా కాపలావాళ్ళు దూరదర్శినిలో చూసేవాళ్ళు. ఇతను కళ్ళు మూసుకుని గోడకు ఆనుకుని వినేవాడు. గంట మోతను బట్టి మంద మేస్తోందో, పడుకుందో, నడుస్తోందో చెప్పగలడు. కాపరులు అతనికి 'చెవులోడు' అని పేరు పెట్టారు. పక్క లోయ కాపరి ఒకడు, మందలన్నీ నీడన పడుకునే మధ్యాహ్నం వేళ తన మందను గట్టుకేసి తోలాడు. చెవులోడు విన్నాడు. ఆ కాపరినీ, అతనితో ఉన్న ఇద్దరు మనుషులనూ తీసుకుపోయారు. మళ్ళీ ఎవరూ వాళ్ళను చూడలేదు.

ఆ తర్వాత గషూష మానేసింది. "పంపకు," అని జోళ్ళ ఆవిడకు కబురు పెట్టింది. అప్పటికే బయల్దేరిన ఒకావిడను వెనక్కి పంపేయవలసి వచ్చింది. ఆమెను రైలు స్టేషన్లో పట్టుకున్నారు.

"ఆవిడ నా పొయ్యి దగ్గరే కూర్చుంది," అంది గషూష అవ్వ, నేను కూర్చున్న బల్ల చూపిస్తూ. "మొక్కజొన్న రొట్టె ఇస్తే సగం తిని, సగం రుమాల్లో కట్టుకుంది. దారిలో తింటానంది."

మంద గంటలు తీసేస్తే ఏ కదలికా వినబడదు. కానీ ఊరికే తీస్తే చెవులోడు అడుగుతాడు, ఊళ్ళోవాళ్ళూ అడుగుతారు. మా కొండల్లో మంద గంటలు విప్పేది ఒక్కదానికే. ఇంట్లో చావు జరగాలి. జరిగితే ఏడాది దాకా మంద మూగగా తిరుగుతుంది. ఉహార్తెలో తల్లీ తండ్రీ ఎప్పుడో పోయారు. పిల్లలు లేరు. చావడానికి ఆ ఇంట్లో ఇంకెవరూ మిగల్లేదు, ఒక్క బెట్టిరి తప్ప.

మందలను పైకి తోలే రోజులు దగ్గరపడ్డాయి. ఒక పొద్దున ఆమె వాగు దాటి మా ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. మా తాత జున్ను గడ్డ కోస్తున్నాడు.

"ఏంటమ్మాయ్, గుమ్మంలో మేకులా దిగబడ్డావ్? లోపలికి రా. నీ మొహం చూస్తే పాలు విరిగిపోతాయి."

"బెట్టిరి పోయాడు బాబాయ్."

తాత కత్తి కింద పెట్టాడు.

"ఎవరు చెప్పారు?"

"సంతలో. ఖైదీల శిబిరం నుంచి వచ్చినతను."

దారి పొడుగునా ఆమె నేర్చుకుంటూ వచ్చిన వాక్యం అదొక్కటే. రెండో ప్రశ్న వేస్తే ఏం చెప్పాలో ఆమెకు తెలియదు. కానీ తొలి పొరుగు రెండో ప్రశ్న వేయడు. తాత లేచి, టోపీ పెట్టుకుని, "నువ్వు ఇంటికి పోయి కూర్చో తల్లీ. ఇంక పని నాది," అన్నాడు.

ఆయనకు ఎందుకు నిజం చెప్పలేదని నేను అడిగాను. మా తాత మంచివాడని అందరికీ తెలుసు.

"మంచివాడే, బంగారం. కానీ నోట్లో నువ్వుగింజ నానదే అతనికి. సాయంత్రానికల్లా సారా కొట్లో 'ఎంత తెలివైనదిరా మా గషూష' అని చెప్పేసేవాడు. మెచ్చుకోవడానికే చెప్పేవాడు."

తాత ఇంటి కప్పు ఎక్కి, ఆత్మ బయటికి పోవడానికి ఒక పెంకు తొలగించాడు. తేనెపెట్టెల దగ్గర ఒక్కోదాని మీదా వేలితో కొట్టి, ఇంటి యజమాని ఇక లేడనీ, దీపానికి మైనం కావాలనీ చెప్పాడు. తర్వాత దొడ్లోకి వెళ్ళాడు. గషూష వంటింట్లో కూర్చుని విన్నది. చిన్న గంటలు ఒక్కటొక్కటే ఆగిపోయాయి. పెద్ద గంట మాత్రం చాలాసేపు అటూ ఇటూ మోగింది. బెట్టిరి వేసిన ముడి తాతకు విప్పడం రాలేదు. ఆ ముడి ఎలా విడుతుందో ఆమెకు తెలుసు. కానీ ఇంటివాళ్ళు ముట్టుకోకూడదు. చివరికి తాత తోలుపట్టీని కత్తితో కోసేశాడు.

"ఆ కోసిన చప్పుడు వినబడిందే," అంది. "అప్పుడనిపించింది, నేనేం చేశానో."

ఊరంతా వచ్చింది. ఆమెకు ఏడుపు రాలేదు. ఆడవాళ్ళు ఒకరి చెవిలో ఒకరు గొణిగారు.

"చూడు, కంట చుక్క లేదు. సున్నపురాయి."

"మొగుడు లేకపోయినా మంద నడుస్తోందిగా, ఇంకెందుకు ఏడుస్తుంది."

ఆదివారాలు చర్చిలో ఉహార్తె ఇంటివాళ్ళ చోట, నేల మీద, పోయిన మనిషి కోసం చెక్కకు చుట్టిన మైనపు వత్తి వెలిగించి కూర్చోవాలి. బతికి ఉన్న మనిషికి దీపం. ఆ చుట్ట మొత్తం కాలిపోతే మాట నిజమైపోతుందేమోనని ఆమెకు భయం. అందుకని ప్రార్థన సగంలో ఉండగానే వేళ్ళతో వత్తి నలిపేసేది. వెనక వరసలో, "మైనం ఆదా చేస్తోంది, పిసినారి ముండ," అన్నారు. విన్నది. ఆ మాట ఆమెకు హాయిగా అనిపించిందట. పిసినారిని ఎవరూ అనుమానించరు.

ఆ వేసవి చెవులోడు మొదటిసారి గంటలు లేని మందను చూశాడు. పొగమంచులోంచి చప్పుడు లేకుండా గొర్రెలు బయటికి వస్తుంటే అతను ఉలిక్కిపడి లేచాడట. సంతలో పట్టిన మా భాష నాలుగు ముక్కలతో అడిగాడు.

"గంటలు ఏవి? ఎవరు పోయారు?"

"నా మొగుడు."

"ఎక్కడ?"

"మీ దేశంలోనే."

అతను టోపీ తీశాడు. ఆ తర్వాత ఎప్పుడూ ఆమె పాసు చూపించమనలేదు.

మంచు పడ్డ నెలలు తప్ప ఏడాది పొడుగునా మూగ మంద గట్టు దాకా పోయి వచ్చింది. పొగమంచు పట్టిన పగళ్ళలోనే ఆమె మనుషుల్ని తీసుకుపోయేది. కాపరుల ముసుగు కోట్లు కప్పి, గొర్రెల మధ్య వంగి నడవమనేది. వాళ్ళ పేర్లు అడిగేది కాదు, తన పేరు చెప్పేది కాదు. గట్టు మీద చెయ్యి చూపిస్తే వాళ్ళు దిగిపోయేవాళ్ళు. ఒక్కొక్కరు వెనక్కి తిరిగి చేతులు జోడించేవాళ్ళు. కొందరు తిరిగేవాళ్ళు కాదు. తిరగనివాళ్ళే నయం, త్వరగా పోతారు అనేది. తర్వాత కుక్క, గొర్రెలు, తను. కొండమీది తన గుడిసెలో పాలు కాచుకుంటూ, లేని బెట్టిరితో మాట్లాడేది. "ఏమనుకోకయ్యా. నువ్వు రాగానే అర్నౌట్‌కు చెప్పి నిన్ను బతికిస్తాను." అతను వచ్చిన రోజు తాత మొహం ఎలా ఉంటుందో తలుచుకుని ఒక్కతే నవ్వుకునేదట. ఆమె మిగుల్చుకున్నది ఆ ఒక్క రోజునే. బెట్టిరి గుమ్మంలోకి రావాలి. అప్పుడు తనది అబద్ధమవుతుంది. అబద్ధమైతే చాలు.

శరత్కాలంలో ఇంటి గుమ్మానికి దగ్గరగా ఉన్న తేనెపెట్టె ఖాళీ అయిపోయింది. అబద్ధం విన్న ఈగలు వెళ్ళిపోయాయని ఆమె నమ్మకం. ఆ ఏడు తడి ఎక్కువ, పూత తక్కువ, వెళ్ళిపోవడానికి అది చాలు అన్నాను నేను. "నీ లెక్క నీది," అంది.

ఏడాది నిండిన వారంలో జోళ్ళ ఆవిడ ఒక చిన్న కుటుంబాన్ని పంపింది. ఒక కుర్ర తండ్రి, తల్లి, పాలు తాగే పిల్ల. తెల్లవారుతూనే గషూష వాళ్ళను తీసుకురావడానికి తన గుడిసె కింది అడవిలోకి దిగింది. పిల్ల ఏడవకుండా గసగసాల కాయ కాచిన నీళ్ళు పట్టారు.

"ఎంత పట్టారు?" అన్నాను. గొంతు పెరిగింది నాకు. నా పిల్ల ఒళ్ళో కదిలింది.

"ఎంతేమిటే? నాలుగు చుక్కలు. వాళ్ళమ్మ వేలితో నాకించింది."

ఎంత మత్తులో చిన్న పిల్ల ఊపిరి ఆగిపోతుందో నాకు తెలుసు. కాయకూ కాయకూ బలం మారుతుందనీ తెలుసు. నా పిల్ల ముక్కు కింద వేలు పెట్టాను.

అడవిలోంచి పైకి వస్తుంటే ఆమెకు మోత వినబడింది. ముందు పెద్ద గంట. దాని వెనక చిన్న గంటలు. బెట్టిరి కూర్చిన జత. కాళ్ళు ఆగిపోయాయట. బెట్టిరి వచ్చేశాడనుకుంది. ఆ ముగ్గురినీ పొదలో కూర్చోబెట్టి గుడిసె వైపు పరుగెత్తింది.

గుడిసె ముందు మా తాత. ఊరి నుంచి పొద్దున్నే గంటల మూట మోసుకుని, చీకటితోనే నడిచి వచ్చాడు. బూడిద పెట్టి తోమాడు. కోసేసిన పట్టీకి బదులు కొత్త తోలు పట్టీ, దాన్ని బిగించే ఇత్తడి బిళ్ళతో సహా తనే కుట్టి తెచ్చాడు. ఆఖరి గొర్రె మెడకు కట్టి నడుం పట్టుకుని లేచాడు.

"ఎక్కడికి పోయావే? నీకు చెప్పకుండా కడదామనే వచ్చాను. ఏడాది నిండింది. గొర్రెలు ఏడ్చింది చాలు. నువ్వూ చాలించు."

ఆమె గుడిసెలోకి తొంగి చూసింది, ఇంకెవరూ లేరు.

"అదిగో, ఇప్పుడొచ్చాయి కన్నీళ్ళు! సున్నపురాయన్నారు ఊళ్ళో ఆ ముసలి పీనుగులు. నే చెబుతాను వాళ్ళకి." ఆమె భుజం తట్టాడు. "అమ్మాయ్, పైలోయలో ఒకడున్నాడు, పెళ్ళాం పోయింది. మంద ఉంది, నోట్లో పళ్ళు కూడా ఉన్నాయి. మాట్లాడమంటావా?"

"ఇంటికి పో బాబాయ్. పిన్ని ఎదురుచూస్తుంది."

"పోతాన్లే, జున్ను ముక్క పెట్టవా ముందు?"

పొదలో పసిపిల్లతో ముగ్గురు. ఇక్కడ తాత జున్ను తింటూ, పెద్ద గంట మోత వింటూ, "ఆహా, వాడి చెవి వాడిదే," అంటూ కూర్చున్నాడు. ఆయన దిగిపోయేసరికి పొగమంచు పలచబడుతోంది. మళ్ళీ గంటలు విప్పితే? ఏడాది నిండిన మంద మళ్ళీ మూగబోతే చెవులోడికి ఏం చెప్పాలి? పొద్దుటి నుంచి మోగుతున్నది అతనూ విన్నాడు. ఆ మనుషుల్ని వెనక్కి పంపాలన్నా ఎక్కడికి పంపాలి? రుమాల్లో రొట్టె కట్టుకున్నావిడ గుర్తొచ్చింది. తీసుకుపోవడమే అనుకుంది.

గంటలు మోగుతూనే మంద కదిలింది, దాని నడుమ ఆ తల్లీ తండ్రీ. పిల్ల గషూష కోటు లోపల ఉంది. తల్లి అలసిపోయింది, అందుకని ఆమె ఎత్తుకుంది. పిల్ల ముక్కు కింద వేలు పెట్టుకుని నడిచింది. సుంకం గుడిసెకు పైన, పొగమంచు చిక్కగా ఉన్న చోట, గొంతు వినబడింది.

"అమ్మా! గంటలు!"

చెవులోడు. అతను కనబడడం లేదు. తనూ అతనికి కనబడదు. కానీ మాట వినబడేంత దగ్గర.

"ఔను," అంది. "ఏడాది నిండింది."

"పెద్ద గంట చాలా మంచిది. మా నాన్న దగ్గర ఇలాంటిది ఉండేది."

అప్పుడే పిల్లకు మత్తు వదిలింది. ముందు మూలిగింది, తర్వాత గొంతెత్తింది. గషూష కుక్కకు ఈల వేసింది. కుక్క మంద మీద పడింది. గొర్రెలు బెదిరి ఒకదాన్నొకటి తోసుకున్నాయి. గంటలన్నీ ఒక్కసారి మోగాయి. కొండంతా మోతే. ఆ మోతలో పిల్ల ఏడుపు కలిసిపోయింది, చాలా మటుకు కలిసిపోయింది. మోత తగ్గుతుండగా చివర ఒక చిన్న కేక మిగిలిపోయింది.

"అదేంటి?"

"గొర్రెపిల్ల. ఆలస్యంగా పుట్టింది. తల్లికి పాలు లేవు."

గొర్రెలు ఈనేది చలికాలంలో, మందలు కొండెక్కేసరికి పాలు తాగే గొర్రెపిల్లలు ఉండవు. గొర్రెలు కాచినవాడికి ఎవరికైనా తెలుసు. చెవులోడికి తెలియకుండా ఉంటుందా? పిల్ల ఊపిరి ఆమె వేలికి వెచ్చగా తగులుతోంది.

"ఆలస్యంగా పుట్టినవి నిలవడం కష్టం," అన్నాడు. "చలి తగలనివ్వకు."

అతని బూట్ల చప్పుడు దిగువకు పోయింది.

గట్టు మీద ఆ తల్లి పిల్లను అందుకుని భర్త వెంట దిగిపోయింది. వెనక్కి తిరగలేదు.

"ఆ పిల్ల బతికిందా?" అన్నాను.

"తెలియదే."

"ఎప్పుడూ కబురు రాలేదా? యుద్ధం అయ్యాకైనా?"

"నా పేరు వాళ్ళకు తెలియదుగా. ఉంటే నీకన్నా పెద్దది."

ఆకులు రాలే రోజులు వచ్చాయి. మందలు దిగే ముందు, జున్నులు మూటకడుతుంటే ఒక మనిషి గుడిసెకు వచ్చాడు. పక్క లోయవాడు. ఖైదులో జబ్బుచేస్తే వదిలేశారు. మాట్లాడే ముందు టోపీ తీశాడు. బెట్టిరి, తను ఒకే కొట్టంలో పడుకునేవాళ్ళమన్నాడు. నిరుడు ఆకులు రాలేటప్పుడు, ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడన్నాడు.

నిరుడు ఆకులు రాలేటప్పుడు. ఆమె అతన్ని చంపేసింది అంతకు ముందు వసంతంలో.

"నీ గంటల సంగతి మా కొట్టంలో అందరికీ తెలుసు," అన్నాడతను. "ఏ గంట ముందు, ఏది వెనక, అన్నీ చెప్పేవాడు. ఆఖర్లో జ్వరంలో, మంద దిగుతోందా, వినబడుతోందా అని అడిగేవాడు. దిగుతోంది, వినబడుతోంది అనేవాణ్ణి." మళ్ళీ అన్నాడు. "నీకు ముందే తెలిసిందని దారిలో చెప్పారు. కలలోకి వచ్చాడా?"

"ఆ," అంది. ఆ రోజుల్లో తన మంద మెడల్లో గంటలే లేవు. ఆ మాట అతనికి చెప్పలేదు. మొక్కజొన్న రొట్టె పెట్టి పంపించింది.

మర్నాడు మంద దిగింది. మా తాత ఎదురొచ్చి కర్ర పట్టుకుని ముందు నడిచాడు. ఏడాదిన్నర తర్వాత ఉహార్తె గంటలు ఊళ్ళోకి వస్తున్నాయని గుమ్మాల్లో జనం నిలబడ్డారు. "విన్నారా, బెట్టిరి గంటలు!" అని తాత అరుస్తున్నాడు. నిజానికి ఆ రోజే విప్పాలి వాటిని. ఆ రోజే తాత కప్పు ఎక్కాలి, ఈగలకు చెప్పాలి, ఊరు వచ్చి కూర్చోవాలి. ఈసారి ఆమెకు ఏడుపు ఆగడం లేదు, కానీ ఏడవడానికి కారణం లేదు. చనిపోయిన మనిషి మళ్ళీ ఎలా చనిపోతాడు? నిజం చెబితే కొండదారి బయటపడుతుంది. అప్పటికే ఆమె దొడ్లో ఫెర్న్ ఆకు వెనక ఇద్దరు మనుషులు ఎదురుచూస్తున్నారు.

చర్చి ముందు మంద ఆగినప్పుడు, తనకు తెలియకుండానే ఆమె చెయ్యి పెద్ద గంట పట్టీ మీదికి పోయింది. ఇత్తడి బిళ్ళ పట్టుకుంది.

తాత చూశాడు. "ఏంటమ్మాయ్, బిగువుగా ఉందా? వదులు చెయ్యనా?"

"లేదు బాబాయ్. సరిగ్గా ఉంది."

చెయ్యి తీసేసింది. గంటలు మోగుతూ ఇంటికి చేరాయి.

యుద్ధం అయ్యాక ప్రభుత్వం నుంచి కాగితం వచ్చింది. అందులో బెట్టిరి పోయిన తేదీ ఉంది. మా తాత దాన్ని సారా కొట్లో చదివించుకుని నవ్వాడట. "చూశారా, పారిస్ గుమాస్తాలు! చచ్చిన మనిషిని ఎన్ని నెలలు ఎక్కువ బతికించారో!" అందరూ నవ్వారు. ఆమెకు ఆ నవ్వు వాగు అవతలికి వినబడింది. అప్పుడైనా చెప్పొచ్చుగా అన్నాను.

"ఏమని? నీ చేత తేనెటీగలకు అబద్ధం చెప్పించానని చెప్పనా? అర్నౌట్ తొలి పొరుగు. ఆ ఇంటి చావుకు అతనే సాక్షి. అది అబద్ధమని తెలిస్తే మళ్ళీ నా గుమ్మం తొక్కేవాడా? నాకు ఇంకెవరున్నారే, వాగు అవతల ఆ ఒక్క పొగ గొట్టం తప్ప?"

ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. పైలోయవాడు ఇంకెవరినో చేసుకున్నాడు. తాత పోయాడు, మా అమ్మా నాన్న పోయారు. మంద చిన్నదైంది. గంటలు మాత్రం మోగుతూనే ఉన్నాయి. నా చిన్నతనమంతా ఆ మోత వింటూనే పెరిగాను. అందులో ఆవిడకు ఏం వినబడేదో నాకు తెలియదు.

చలి తగ్గుతుండగా నా పిల్లకు దగ్గు నెమ్మదించింది. ఆ రోజుల్లో ఒకసారి అడిగింది.

"ఇప్పుడు తొలి పొరుగువు నువ్వేగా. నువ్వు చదువుకున్నదానివి. తేనెటీగలకు మన మాట వినబడదని నీకు తెలుసుగా."

"మాట వినబడదు అవ్వా. పెట్టె మీద కొడితే ఆ అదురు తెలుస్తుంది."

"మరి చాలు. నేను పోయినప్పుడు కొట్టు. కానీ ముందు బెట్టిరి పేరు చెప్పు. అతని గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదు."

ఆమె మరుసటి ఏడాది పోయింది. నేను కప్పు ఎక్కి పెంకు తొలగించాను. కింద మా ఆయన పిల్లను ఎత్తుకుని, "జాగ్రత్త, జాగ్రత్త," అంటూ నిచ్చెన పట్టుకున్నాడు. తేనెపెట్టెల దగ్గరికి వెళ్ళి ఒక్కోదాని మీదా కొట్టాను. ఈ ఇంటి బెట్టిరి పోయాడు అన్నాను. కాసేపాగి మళ్ళీ కొట్టి, ఈ ఇంటి గషూష పోయింది, ఇద్దరికీ మైనం కావాలి అన్నాను. లోపల చిన్న హోరు పెరిగి తగ్గింది. అదురుకు అలాగే జరుగుతుంది.

తర్వాత గొర్రెల మెడల్లో గంటలు విప్పాను. పెద్ద గంట దగ్గర తాత కుట్టిన ఇత్తడి బిళ్ళ చిలుము పట్టి బిగుసుకుపోయింది. నూనె వేసి, చాలాసేపు కదిపి, కొయ్యకుండా విప్పాను.

వారసులు లేరు గనుక మంద మా దొడ్లోకి వచ్చింది. ఏడాది నిండాక ఊళ్ళోవాళ్ళు అడగడం మొదలుపెట్టారు.

"ఏమ్మా ఇరిగోయెన్, గంటలు కట్టవా? మరిచిపోయావా? మీ తాతైతే పొద్దున్నే కొండెక్కేవాడు."

"మరిచిపోలేదు. ఇంకో ఏడాది ఉంది."

"ఎవరికి? ఆ ఇంట్లో పోయింది గషూష ఒక్కతేగా."

"బెట్టిరికి," అన్నాను. వాళ్ళను లోపలికి పిలిచి కూర్చోబెట్టాను.